వస్త అన్న మాట

కైలాసం ఇంట్లోంచి బయటికి వెళ్లేటప్పుడు "పోతున్న" అని ఎన్నడూ అనలేదు. ఎవరైనా అన్నా ఊరుకునేవాడు కాదు. ఇంటికొచ్చిన చుట్టం చెప్పులు తొడుక్కుంటూ నోరు జారి "ఇగ పోతున్న" అన్నాడనుకోండి, అతణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, కుర్చీలో కూలేసి, గ్లాసుడు మంచినీళ్లు తాగించి, "ఇప్పుడు వస్త అని చెప్పి లే" అనేవాడు. మన ఇళ్లలో అందరికీ ఉన్న అలవాటే కదా అంటారు. నిజమే. కానీ మనకది అలవాటు, కైలాసానికి చట్టం. వస్త అన్నవాడు రావాలి, రానివాడు ఆ మాట అనకూడదు.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దాటాక గాజుల దుకాణం పక్క సందులో ఆయనది రెండు గదుల ఇల్లు. ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో కండక్టరు. పిల్లలు కలగలేదు. ఆయనా, భార్య శారదమ్మా, అంతే. పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ గడప దగ్గర ఆగి "వస్త" అనేవాడు. లోపల్నుంచి ఆమె "జల్ది రా" అనేది. ఆ జవాబు చెవిన పడకుండా ఆయన కాలు గడప దాటేది కాదు. ఆమె స్నానంలో ఉంటే తలుపు దగ్గరే నిలబడేవాడు. డిపోలో ఆలస్యమైందని ఎన్ని మెమోలు వచ్చాయో లెక్కే లేదు.

నాలుగేళ్ల కిందట శారదమ్మకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పెద్ద దవాఖానాలో చేర్చారు. ఐదో రోజు పొద్దున కాస్త తేరుకుని రెండు ముద్దలు ఇడ్లీ తిన్నది. కైలాసం ఇంటికెళ్లి స్నానం చేసి పదకొండు కొట్టేసరికి మళ్లీ ఇక్కడుంటానని చెప్పి, వార్డు తలుపు దగ్గర ఆగి "వస్త" అన్నాడు. "జల్ది రా" అన్నది ఆమె. స్నానమైంది. దారిలో సెలవు కాగితం ఇద్దామని డిపోకు వెళ్లాడు. అక్కడ జతగాళ్లు చాయ్ తాగమన్నారు. భార్య బాగుపడుతున్నదన్న సంబరంలో కూర్చున్నాడు, ఒక చాయ్ రెండయ్యింది, మాటల్లో పడ్డాడు. దవాఖానాకు చేరేసరికి ఒంటిగంట దాటి పావు. మంచం మీద దుప్పటి తీసేసి ఉంది. పక్క మంచం ఆమె చెప్పింది, పన్నెండున్నర దాకా శారదమ్మ తలుపు దిక్కే చూసిందట.

ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. డాక్టర్లయితే మీరున్నా చేయగలిగింది లేదన్నారు. కానీ మనిషికి వేరే వాళ్లు వేసే నింద కన్నా తను వేసుకునేదే పెద్దది. ఆ రోజు నుంచి కైలాసం ఇల్లు విడిచేటప్పుడు ఏ మాటా లేదు. తాళం వేయడం, తాళంచెవి జేబులో వేసుకోవడం, నడవడం. ఎవరికి చెప్పాలి వస్త అని, తాళంకప్పకా?

అలాగే డ్యూటీ చేశాడు, అలాగే రిటైరయ్యాడు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని గోడలు చూస్తుంటే ఒకనాడు డానియేలు వచ్చాడు. డానియేలు ఆయన బస్సు డ్రైవరు. పదకొండేళ్లు ఒకే బండి మీద అతను ముందు, ఈయన వెనక. ఏడాది ముందే రిటైరై, బెంగుళూరు రోడ్డు మీద ఊరి చివర ఉన్న ఒక కుక్కల షెల్టర్లో వ్యాను తోలుతున్నాడు.

"అన్నా, గిట్ల కూసుంటే ఒంట్లె తుప్పు పడతది. నాతోని రా. బండి ఎనక తలుపు పట్టుకునేటోడు లేడు."

"నేను కండక్టర్ని రా, కుక్కల బండికి క్లీనర్ని కాదు."

"గదే ఫుట్‌బోర్డు, గదే రైట్ రైట్. టికెట్ కొట్టుడు ఒక్కటే లేదు," అన్నాడు డానియేలు. వినే రకం కాదతను, లాక్కుపోయాడు.

షెల్టర్లోకి అడుగుపెట్టగానే యాభై కుక్కలు ఒక్కసారి అరిచాయి. కైలాసానికి చెవులు మోతెక్కిపోయాయి. ఆ లొల్లి మధ్య చివరి జాలీ గదిలో ఒక చిన్న కుక్క మాత్రం అరవలేదు. టిఫిన్ సంచి అంత ఉంది. తెల్లటి పొమెరేనియన్ జాతిదట, తెలుపు ఎక్కడుందో వెతుక్కోవాలి. అట్టలు కట్టిన బొచ్చంతా షెల్టర్ వాళ్లు గీకేశారు, చర్మం మీద పుండ్లు మందు రాసి ఉన్నాయి, మెడ చుట్టూ తాడు కోసుకుపోయిన ఎర్రటి చార. గేటు వైపు మొహం పెట్టి కూర్చుంది. గేటు చప్పుడైతే లేస్తుంది, వచ్చినవాళ్లను చూస్తుంది, మళ్లీ కూర్చుంటుంది.

"వచ్చి పదకొండు దినాలాయె," అన్నాడు డానియేలు. "ఏం తింటలేదు. సూదితోని ఎక్కిచ్చుడే. కిరాయికున్నోళ్లు ఇల్లు ఖాళీ చేసి పోతపోత మెట్ల కమ్మీకి కట్టేసి పోయిన్రు. ఇరవై రెండు దినాలు. పైనుండే ఆమె యాదికొస్తె ఓ రొట్టె ఏసేదంట. తాడు కమ్మీకి చుట్టుకొని చుట్టుకొని పండుటానికి గూడ జాగ లేకపాయె."

"అరవలేదా?"

"గదే కదా. అరిస్తే ఎవలన్న వచ్చేటోళ్లు. అరవలేదంట. పోయేటప్పుడు దాని నెత్తి నిమిరి 'వస్తం, ఈడనే ఉండు' అన్నరంట. పైనామె చెవులార విన్నది."

కమ్మీకి కట్టేసిన వాళ్లను ఏమనాలి? నాకు తిట్లు రాక కాదు, అవి అచ్చు వేసే తిట్లు కావు. కైలాసం మాత్రం పెద్దగా ఏమీ తిట్టలేదు. "రానోళ్లు గా మాట ఎందుకనాలె," అని ఒక్క మాట అని ఊరుకున్నాడు.

షెల్టర్ డాక్టరమ్మ వచ్చి, దీనికి రోగమేం లేదు, ఎదురుచూస్తోంది, ఈ గోలలో ఉంటే బతకదు, ఒక పదిహేను రోజులు ఎవరైనా ఇంట్లో ఉంచుకుంటే తేరుకుంటుంది, తర్వాత మంచి ఇల్లు చూసి దత్తత ఇస్తాం అన్నది. అంటూ కైలాసం వైపు చూసింది. డానియేలు కూడా చూశాడు.

"నాకు చేతకాదమ్మా. నేనే హోటల్ల తింటున్న," అని కైలాసం చెప్పులు వెతుక్కున్నాడు. గేటు దగ్గర డానియేలు వైపు తిరిగి, మూడేళ్లుగా రాని మాట ఎక్కడ దాక్కుందో, "సరే డానీ, వస్త" అనేశాడు.

చివరి గదిలో కుక్క లేచి నిలబడింది. నడిచి జాలీ దాకా వచ్చి, ముక్కు ఆనించి, కైలాసాన్నే చూసింది. ఆ మాట విని లేచిందో, ఊరికే లేచిందో, కుక్క మనసు ఎవరికి తెలుసు. కైలాసం మాత్రం ఆ మాట విన్నదనే అనుకున్నాడు. అన్న మాట వెనక్కి ఎట్లా తీసుకుంటాడు? మర్నాడు పొద్దున్నే ఆటో కట్టించుకుని వచ్చాడు. మూతి ముడుచుకునే, సణుక్కుంటూనే, దాన్ని తువ్వాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చిన రెండో రోజు పాలకని వెళ్లి ఇరవై నిమిషాలకు తిరిగొచ్చేసరికి తలుపు చెక్క మీద గీతలు, గడప మీద రక్తపు చుక్కలు. ముందరి కాళ్ల గోళ్లు విరిగాయి. అది మూలకు నక్కి వణుకుతోంది. కైలాసం పాల ప్యాకెట్లు కింద పెట్టి, దాని ముందు నేల మీద చతికిలబడ్డాడు. తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకు వెంటనే తెలిసింది. చెప్పకుండా వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం నుంచి పాఠం మొదలు. గడప దగ్గర ఆగి "వస్త" అనడం, బయట తలుపు మూసి పది అంకెలు లెక్కపెట్టి లోపలికి రావడం. మళ్లీ "వస్త", సందు మలుపు దాకా పోయి రావడం. మళ్లీ "వస్త", గాజుల దుకాణం దాకా. బస్సు ట్రిప్పులు వేసినట్టు రోజుకు ఇరవై ముప్పై ట్రిప్పులు వేశాడు. సందులో వాళ్లు నవ్వారు. గాజుల దుకాణం భాయ్ "క్యా కైలాసంభాయ్, ఘర్ కా రాస్తా భూల్ గయే?" అని, ఇంటి దారి మర్చిపోయావా అని రోజూ ఏడిపించాడు. ఆయన పట్టించుకోలేదు. పదో రోజుకు అది తలుపు గీకడం మానేసింది. "వస్త" అంటే గడప దగ్గర బోర్లా పడుకునేది, వచ్చేదాకా కదిలేది కాదు, వచ్చాక తోకతో నేలంతా ఊడ్చేది. అలా తినడం కూడా మొదలుపెట్టింది, మొదట కోడిగుడ్డు తెల్లసొన, తర్వాత పెరుగన్నం.

పేరు కూడా ఆయనే పెట్టాడు. చిల్లర. కండక్టరుకు జీవితమంతా చిల్లరతోనే కదా లొల్లి.

"ఏం పేరన్నా అది," అని తల పట్టుకున్నాడు డానియేలు. "దత్తతకొచ్చినోళ్లు పేరేందంటే చిల్లరది అని చెప్పాల్నా?"

"చిన్నగుంటది, అందరికి కావాలె, ఎవ్వలి తాన ఉండదు. ఇంక ఏం పేరు పెడ్తరు?"

పొద్దున వాకింగు కూడా బస్సు పద్ధతిలోనే సాగేది. రోడ్డు దాటాల్సిన చోట "హోల్డన్" అంటే చిల్లర టక్కున ఆగాలి. బండ్లు పోయాక పక్కనున్న షట్టరునో కరెంటు స్తంభాన్నో చేత్తో రెండుసార్లు తట్టి "రైట్" అంటే ముందుకు నడవాలి. కండక్టరు ఎప్పుడూ వెనకే కాబట్టి అది ముందు, ఆయన వెనక. రైట్ అన్నాక చిల్లర ఒక్కసారి కూడా తిరిగి చూసేది కాదు. వెనక మనిషి ఉన్నాడని దానికి అంత భరోసా.

పదిహేను రోజులన్నది ఎనిమిది నెలలైంది. దత్తతకని ముగ్గురు నలుగురు వచ్చారు, ప్రతివాళ్లలో కైలాసానికి ఏదో ఒక వంక దొరికింది. ఒకాయన డాబా మీద కాపలాకు కావాలన్నాడు, సరే, అతనికి కుక్క బదులు ఎవరో ఒకరు బుద్ధి దత్తత ఇవ్వాలి. ఒక అమ్మాయి ఫోటోలకు బాగుంటుందన్నది. ఇంకొకాయన అన్నీ బాగున్నాయి గానీ అరుస్తూ మాట్లాడతాడు. "నువ్వు పిల్లనిస్తున్నవా కుక్కనిస్తున్నవా," అని డానియేలు విసుక్కున్నాడు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, కైలాసానికి అసలు ఇవ్వాలని లేదు.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున వాకింగులో ఛాతీ పట్టేసింది. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చిల్లర ముందుకు వెళ్లలేదు, ఎవరూ హోల్డన్ అనకపోయినా ఆగింది. అక్క కొడుకు మనీష్ వచ్చి దవాఖానాకు తీసుకెళ్లాడు. గుండె నాళాలు మూడు మూసుకున్నాయి, ఆపరేషన్ తప్పదన్నారు. షుగరుంది, గుండె బలం తక్కువ, ఏదైనా జరగొచ్చు, సంతకం పెట్టండి అన్నారు. నెలాఖరు సోమవారం చేరమన్నారు. ఇరవై రోజుల టైము.

కైలాసం చావుకు భయపడ్డాడని నేను చెప్పను. శారదమ్మ పోయినప్పటి నుంచి ఆయనకు ఆ భయం సగం పోయింది. ఆయన్ని నిద్రపోనీయనిది వేరే. సోమవారం పొద్దున గడప దగ్గర ఏమనాలి? వస్త అనాలా? అని, రాకపోతే? ఆ కుక్క మళ్లీ తలుపు వైపు మొహం పెట్టి కూర్చుంటుంది. ఇరవై రెండు రోజులు ఒకసారి కూర్చుంది, ఈసారి ఎన్నాళ్లు కూర్చుంటుందో. తన కోసం తలుపు చూస్తూ ఒక ప్రాణం పోయింది చాలు. రెండోది పోకూడదు.

"డానీ, దానికి ఇల్లు చూడు," అన్నాడు. "ఈపాలి వంకలు పెట్ట."

డానియేలు ముఖం చిన్నబోయింది. "ఆపరేషనైనంక తెచ్చుకుందువు తియ్యన్నా. గప్పటిదాక షెల్టర్ల నేను చూస్త. మా ఇంట్ల పెట్టుకుందు గాని, నా పెండ్లానికి దమ్ము రోగం, బొచ్చు పడదు."

"అద్దురా. నేను బతికొచ్చిననే అనుకో, ఎన్నేండ్లు? దానికి నాలుగేండ్లు, ఇంక పదేండ్లుంటది. నాకున్నయా పదేండ్లు? ఇస్తే ఒక్కపారే ఇయ్యాలె. ఇచ్చుడు, తెచ్చుకునుడు, మళ్ల ఇచ్చుడు, అది ఏమనుకోవాలె నన్ను."

ఇల్లు దొరికింది. ఉస్మాన్‌గంజ్ వెనక గల్లీలో స్వరూప అని, సర్కారు దవాఖానాలో నర్సు. భర్త గల్ఫులో ఉన్నాడు. ఇంట్లో అత్త లీలమ్మ, మోకాళ్లు పనిచేయక కుర్చీలోంచి మంచం, మంచంలోంచి కుర్చీ. పగలంతా ఒక్కతే, తోడుకు ఒక చిన్న ప్రాణి కావాలని ఆమే అడిగిందట. కింది ఇల్లు, ముందు చిన్న వాకిలి, ఇనుప గేటు. కైలాసం రెండుసార్లు వెళ్లి చూశాడు. స్వరూప నెమ్మదిగా మాట్లాడుతుంది. చిల్లర మెడ మీద పాత మచ్చను చూసి ఏమీ అడక్కుండా ఆ చోటు వదిలి పక్కన నిమిరింది. వంక దొరకలేదు. వెతికాడు గానీ దొరకలేదు.

బుధవారం సాయంత్రం చిల్లరను, దాని గిన్నెను, తువ్వాలును తీసుకుని డానియేలు వ్యానులో వెళ్లి అప్పజెప్పాడు. చాయ్ ఇచ్చారు, తాగాడు. చిల్లర ఇల్లంతా వాసన చూసి లీలమ్మ కుర్చీ కింద కూర్చుంది. బాగానే ఉందనిపించింది. ఏడవకుండా బయటపడాలని గబగబా లేచి, గేటు దాటి, గొళ్లెం వేస్తూ లీలమ్మ వైపు చూసి, అరవై ఏళ్ల నోటి అలవాటు కదా, "సరే చెల్లె, వస్త" అన్నాడు.

వ్యాను అఫ్జల్‌గంజ్ దాటుతుండగా చేత్తో నుదురు కొట్టుకున్నాడు. "ఏమైందన్నా," అన్నాడు డానియేలు. "నోట్లెకెళ్లి వచ్చింది రా," అన్నాడు కైలాసం. డానియేలుకు అర్థమైంది.

మూడో రోజు, శుక్రవారం సాయంత్రం స్వరూప ఫోను చేసింది. "అంకుల్, మీరు పోయినప్పటి నుంచి గేటు కాడనే కూసున్నది. లోపలికి తెస్తే మళ్ల పోయి ఆడనే. వాన కొట్టినా లేస్తలేదు. నీళ్లు గూడ ముట్టలేదు. నాకు భయమైతున్నది."

శనివారం పొద్దున ఏడింటికే కైలాసం ఉస్మాన్‌గంజ్‌లో దిగాడు. మనీష్ వద్దన్నాడు, రెండు రోజుల్లో దవాఖానాలో చేరాలి, తిరగొద్దని డాక్టర్లు చెప్పారని మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? సగం దారిలో ఆయన మనసులో ఇంకో ఆలోచన కూడా ఉన్నది. తెచ్చేసుకుందాం. సోమవారం సంగతి సోమవారం. ఈ రెండు రోజులన్నా నా దగ్గర ఉంటుంది.

గల్లీ మలుపు తిరగ్గానే గేటు కమ్మీల మధ్యలోంచి తెల్లటి మూతి కనిపించింది. ఆయన్ని చూసి చిల్లర అరవలేదు, గెంతలేదు. లేవడానికి ఓపిక లేక పడుకున్నచోటే తోక ఆడించింది. వస్తానన్నాడు, వచ్చాడు, అంతే, దానికి అందులో వింతేమీ లేదు. కైలాసం గేటు పట్టుకుని నిలబడి ఏడ్చాడు. రోడ్డు మీద జనం ఉన్నారు, మిర్చి బస్తాల బండివాడు ఆగి చూశాడు కూడా. ఏడ్చాడు.

ఏడ్చాక బుర్ర తేటపడింది. ఇప్పుడు ఎత్తుకుని తీసుకుపోతే, గేటు దగ్గర కూర్చోవడమే సరైన పని అని దానికి తనే నేర్పినట్టు. ఈసారి ఇంకా గట్టిగా కూర్చుంటుంది. రాని మనిషి కోసం.

"బిడ్డా, ఇయ్యాల్ల రేపు నీకు డ్యూటీ ఉన్నదా?" అని స్వరూపను అడిగాడు.

"రెండు దినాలు సెలవు పెట్టిన అంకుల్, దీన్ని చూసి."

"అయితే నేను చెప్పినట్టు చెయ్యి."

ముందు దాని మూతికి నీళ్లు పట్టాడు. తాగింది. ఇక ముట్టుకోనని ఒట్టేసుకుని, వాకిలి మూలన స్టూలు వేసుకుని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పెరుగన్నం స్వరూప చేత్తోనే పెట్టించాడు. తర్వాత గేటు దగ్గర నిలబడి "వస్త" అనమన్నాడు. ఆమె మొహమాటపడుతూ "వస్త" అన్నది. "గట్ల కాదు, దాన్ని చూసి చెప్పాలె. చెప్పినంక మళ్ల రావాలె. ఎన్నడన్న రాకుండ ఉండేటట్లుంటే గా మాట అనొద్దు. రాత్రి డ్యూటీ పడితే, పొద్దున వస్త అని చెప్పు. ఏమన్న చెప్పు, అబద్ధం చెప్పకు."

స్వరూప గేటు బయటికి వెళ్లి పది అంకెలు లెక్కపెట్టి లోపలికి వచ్చింది. చిల్లర ఆమెను చూడలేదు, కైలాసం వీపునే చూస్తోంది. మళ్లీ వెళ్లింది. మలుపు దాకా వెళ్లింది. ఇరవైసార్లు, ముప్పైసార్లు వెళ్లి వచ్చింది. లీలమ్మ కుర్చీలోంచి ప్రతిసారీ "జల్ది రా బిడ్డా" అంటూ వంత పాడింది. మధ్యాహ్నానికి చిల్లర వచ్చి కైలాసం పాదం మీద గడ్డం ఆనించింది. ఆయన పాదం వెనక్కి తీసుకున్నాడు. జీవితంలో ఆయన చేసిన పనులన్నిట్లో అంత కష్టమైనది ఇంకోటి లేదు. చిల్లర ఆయన మొహంలోకి చూసింది. కాసేపయ్యాక లేచి వెళ్లి లీలమ్మ కుర్చీ కింద పడుకుంది.

ఆ రాత్రికి ఇంటికి వెళ్లాలంటే ఏదో ఒక మాట చెప్పాలి. చెప్పలేక వాకిలి పక్క గదిలోనే పడుకున్నాడు.

ఆదివారం పొద్దున స్వరూప చర్చికి బయల్దేరింది. తెల్లచీర కట్టుకుని, బైబిలు చేతిలో పట్టుకుని, గేటు దగ్గర వంగి చిల్లర కళ్లలోకి చూసి "వస్త" అన్నది. గంట గడిచింది. చిల్లర వెళ్లి గేటు వైపు మొహం పెట్టి కూర్చుంది. కైలాసానికి ప్రాణం ఉసూరుమంది. ఇంత చేసినా మళ్లీ మొదటికే వచ్చిందే అనుకున్నాడు. అప్పుడు లీలమ్మ మెల్లగా అన్నది, "అన్నా, నువ్వు ఈడనే ఉంటివి కదా. మరి అది ఎవలి కోసం చూస్తున్నది?"

నిజమే. తను ఇక్కడే, దాని వెనకే ఉన్నాడు. అది ఒకసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఇంకో గంటకు గేటు చప్పుడైంది. స్వరూప లోపలికి రాగానే చిల్లర తోకతో వాకిలంతా ఊడ్చింది, ఆమె తెల్లచీర మీద మట్టి కాళ్లు పెట్టింది. స్వరూప చీర సంగతి మర్చిపోయి కింద కూర్చుండిపోయింది. కైలాసం ఇంత బతుకు బతికి ఒకే క్షణంలో అంత సంతోషం, అంత కడుపుకోత పడలేదు. తనకు కావలసింది ఇదే. అడిగి తెచ్చుకున్నది ఇదే. అయినా ఛాతీలో ఆ నొప్పి గుండెజబ్బుది కాదని ఆయనకు తెలుసు.

సాయంత్రం నాలుగు గంటలకు స్వరూపను చిల్లర మెడపట్టీకి తాడు వేయమన్నాడు. "వాకింగ్ తీస్కపోదాం పా. నేను ఎనక నడుస్త." గేటు దాటి ముగ్గురూ గల్లీలోకి వచ్చారు. చిల్లర ముందు, తాడు పట్టుకుని స్వరూప, వెనక కైలాసం. గల్లీ చివర పెద్ద రోడ్డు. ఆటోలు, బస్తాల బండ్లు.

"హోల్డన్," అన్నాడు.

చిల్లర ఆగింది. స్వరూప కూడా ఆగింది. బండ్లు వెళ్లిపోయి రోడ్డు ఖాళీ అయింది. ఆదివారం కదా, పక్క దుకాణానికి షట్టరు దించి ఉంది. కైలాసం దాని మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు. ముప్పై రెండేళ్లు బస్సును పంపించిన చెయ్యి అది.

"రైట్."

చిల్లర నడిచింది. ఎప్పటిలాగే తిరిగి చూడలేదు. వెనక మనిషి ఉన్నాడని దాని భరోసా. రోడ్డు దాటింది, అవతలి ఫుట్‌పాత్ ఎక్కింది, పప్పుల కొట్టు ముందు ఏదో వాసన చూసింది, స్వరూప తాడు సుతారంగా లాగితే ఆమె పక్కన చేరి నడిచింది. మలుపులో ఇద్దరూ కనుమరుగయ్యేదాకా కైలాసం షట్టరు మీద చెయ్యి తియ్యలేదు.

పాలకని వెళ్లిన ఆ రోజు తర్వాత చిల్లరకు వస్త అనకుండా ఆయన కదలడం అదే మొదలు. సంచీ గేటు దగ్గర ఉండిపోయిందని వెనక్కి వచ్చాడు. లీలమ్మ కుర్చీని వాకిట్లోకి జరుపుకుని కూర్చుని ఉంది. అన్నీ చూసినట్టుంది, కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

సంచీ భుజాన వేసుకుని తల ఊపి కదలబోయాడు.

"గదేంది అన్నా, చెప్పకుండ పోతున్నవ్," అన్నది లీలమ్మ. "రేపు అంత పెద్ద ఆపరేషన్ పెట్టుకొని ఉత్తగ పోతవా? కుక్కకు చెప్పకుంటివి, మంచిగ చేసినవ్. నాకు చెప్పి పో."

"ఏం చెప్పాలె చెల్లె? రాకపోతే?"

"రాకపోతే రాలేదనుకుంట. నేను మనిషిని కదా. ఏడుస్త, ప్రార్థన చేస్త, అన్నం తింట. నువ్వు చెప్పు."

కైలాసం రోడ్డు చివరికి చూశాడు. మలుపులో ఎవరూ లేరు. చిల్లర చెవులకు వినబడేంత దూరంలో లేదు. నాలుగేళ్లలో నోరు జారి కాకుండా, తెలిసి, ఒక మనిషి మొహం చూస్తూ ఆ మాట అనడం ఆయనకిదే మొదలు.

"వస్త చెల్లె."

"జల్ది రా అన్నా," అన్నది లీలమ్మ, ఆ మాట ఎవరిదో తెలియకుండానే.

కైలాసం ఆ జవాబు పూర్తిగా విన్నాకే కాలు కదిపాడు. గల్లీ మొదట్లో చాయ్ హోటలు ముందు పాత డిపో మనిషి ఎవరో "కైలాసమన్నా, రా, ఒక చాయ్ తాగి పో" అని కేకేశాడు. ఆయన చెయ్యెత్తి వద్దని సైగ చేసి, ఎక్కడా ఆగకుండా బస్‌స్టాపుకు నడిచాడు.